ప్రార్థన బిందె

వడియాల దగ్గర మొదలైంది గొడవ.

పార్వతమ్మ పొద్దున్నే పెరట్లో నులకమంచం మీద పాత చీర పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఉక్కు ప్లాంటు వైపు నుంచి ఎర్రదుమ్ము లేచి, భిలాయిలో అన్నిటి మీదా కూర్చున్నట్టే వాటి మీదా కూర్చుంది. కోడలు సూర్యావతి వచ్చి చూసేసరికి అవి వడియాల్లా లేవు, ఇటుక పెళ్ళల్లా ఉన్నాయి.

“ఇవింక పనికిరావు అత్తయ్యా. పారబోసేస్తాను.”

“ఓలమ్మ! పారబోసేస్తావేటి? రెండు దులుపులు దులిపితే పోద్ది. నూనెలో ఏగినాక దుమ్మేటి, ఇంగువేటి?”

“దులిపితే పోయేది కాదు. అది ఇనపరజను.”

“అయితే మరీ మంచిది. ఒంట్లో ఇనుము తక్కువుందని డాకటేరు నీకు గోళీలిస్తన్నాడు గదా. గోళీలు మానీసి ఇయ్యి తిను.”

గుమ్మంలో చాపలు దులుపుతున్న సత్యలక్ష్మి పకపకా నవ్వింది. “రహ్నే దో అమ్మా, ఉండనీ. నాయనమ్మ వడియాలకి తుప్పు పట్టినా రుచి పోదు.”

సూర్యావతికి నవ్వు రాలేదు. ఏ డబ్బా మూత ఆ డబ్బాకే ఉండాలనే మనిషి ఆమె. ఎర్రబడ్డవాటిని ఏరి చేటలో పోస్తుంటే అత్తగారు చేటలోంచి తీసి మళ్ళీ మంచం మీద వేసింది. కోడలు మళ్ళీ ఏరింది. చివరికి పార్వతమ్మ చేట లాక్కుని, “నా పేనం పోయినాక పారబోద్దువుగాని,” అంటూ వంటింటి మూల పైడితల్లి పటం కింద పెట్టుకుని కూర్చుంది. ఆ పటం జోలికి కోడలు రాదని ఆవిడకు తెలుసు.

ఆ ఇంట్లో దేవుళ్ళు అలా సర్దుకుని ఉన్నారు. పార్వతమ్మ కొడుకు ధర్మారావు వాల్తేరు రైల్వేలో పనిచేసే రోజుల్లో సూర్యావతిని చేసుకుని, ఆమెతోపాటు చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాడు. తర్వాత భిలాయి వచ్చి ప్లాంటు లోపలి పట్టాల మీద ఇంజను నడుపుతున్నాడు. ముందు గదిలో శిలువ, వంటింట్లో పైడితల్లి, మధ్యలో ఒక తలుపు. పిల్లలిద్దరూ చర్చిలోనే పెరిగారు. పెద్దవాడికి తాత పేరే పెట్టాలని పార్వతమ్మ పట్టుబట్టింది గనక శంకరరావు అనే పేరుతోనే బాప్తిస్మం ఇప్పించారు.

ఆ సాయంత్రం చర్చివాళ్ళ ప్రార్థన, ఇంటి కూటం, వాళ్ళింట్లోనే. వచ్చేవాళ్ళకి తాగడానికి నీళ్ళు కావాలి. సత్యలక్ష్మి చాపల పనిలో ఉంది. సూర్యావతే ఇత్తడి బిందె చంకన పెట్టుకుని కొళాయికి బయల్దేరింది.

వాళ్ళుండే క్యాంప్ 2 బస్తీలో ఆ నాలుగు వరసల ఇళ్ళకీ ఒకటే కొళాయి. సాయంత్రం కాసేపు వస్తుంది. ఆ ఏడు వానలు ముఖం చాటేశాక ఆ కాసేపు కూడా సగమైంది. కిందటి వేసవిలో అయితే అక్కడ రోజూ యుద్ధమే. కుండలు నెత్తుల మీద పగిలేవి. ఒకామె కమ్మ పట్టుకుని లాగితే చెవి తమ్మె రెండుగా చీలింది. ఒక బాల్చీ నీళ్ళకోసం అన్నదమ్ములిద్దరు కత్తులు తీసుకుని ఒకడి పేగులు బయటికొచ్చేదాకా పొడుచుకున్నారు.

అది చూడలేక చర్చిలో యవ్వనస్థుల కూటం ముందుకొచ్చింది. దాని కార్యదర్శి శంకరరావే. మెషిన్ షాపులో అప్రెంటీసు, ఇరవై రెండేళ్ళవాడు. “మనం పాటలు పాడి పకోడీలు తిని ఇళ్ళకి పోతున్నాం. వీధిలో జనం తన్నుకు చస్తున్నారు. ఈ ప్రార్థన ఎవరికి?” అని ఒక ఆదివారం లేచి అడిగాడు. ఆ వారం నుంచే కుర్రాళ్ళు జబ్బకి తెల్లగుడ్డ కట్టుకుని కొళాయి దగ్గర నిలబడ్డారు. వరస పెట్టించారు. ముసలివాళ్ళకీ, మంచాన పడ్డవాళ్ళకీ తామే మోసుకెళ్ళి పోశారు. కొట్లాటలు ఆగాయి. నీళ్ళ శాఖ మనిషి ముచ్చటపడి, వాల్వు తిప్పే ఇనపకడ్డీని వాళ్ళకే అప్పజెప్పాడు. నడుమెత్తు ఉంటుంది, పైన అడ్డంగా పిడి. అది చేత్తో పట్టుకుని కొడుకు వీధిలో నడిచొస్తుంటే సూర్యావతి గుండె నిండిపోయేది. ఎవరితోనూ అనలేదు, అంతే.

తర్వాత మెల్లగా కుర్రాళ్ళ చేతుల్లోకి కర్రలొచ్చాయి. కుక్కల్ని తోలడానికన్నారు. ఆ తర్వాత ప్రార్థన బిందె వచ్చింది. ఏ రోజు ఎవరింట్లో కూటమో ఆ రోజు ఆ ఇంటి బిందె వరసలో అందరికంటే ముందు. పదిమంది వచ్చే ఇల్లు, దాహం అడుగుతారు, తప్పేముంది అనుకున్నారు సంఘంలో. సూర్యావతీ అలాగే అనుకుంది. కానీ కూటాలు రోజూ ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటాయి. రోజూ ఒక ప్రార్థన బిందె ముందుకెళ్ళేది. దాని వెనక వీధి వీధంతా పళ్ళు కొరుక్కుంటూ నిలబడేది.

ఆ రోజు వరసలో మొదటిది నూకాలమ్మ బిందె. ఆమె మొగుడు నరసింగరావు కాంట్రాక్టు కూలీ, కొలిమి దగ్గర ఇనుము కరిగాక మిగిలే చిట్టెం ఎత్తుతాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. మిట్టమధ్యాహ్నం నుంచి ఆమె ఆ బిందె పక్కనే నెత్తిన చెంగేసుకుని కూర్చుంది.

శంకరరావు తల్లిని చూశాడు. కడ్డీ కొనతో నూకాలమ్మ బిందెను పక్కకి నెట్టి, “ఇక్కడ పెట్టమ్మా,” అన్నాడు.

నూకాలమ్మ నెత్తిమీది చెంగు తీసి లేచి నిలబడింది. ఆమె ముఖం చూస్తే పెట్టలేనని తెలుసు గనక సూర్యావతి చూడకుండానే పెట్టింది.

సరిగ్గా అప్పుడే నరసింగరావు పని దిగి వస్తున్నాడు. కాళ్ళు మోకాళ్ళదాకా బూడిద. వెనక అతని బావమరిది సత్యారావు, ఇంకా మీసం సరిగా రాని కుర్రాడు. నరసింగరావు పక్కకి నెట్టిన బిందె చూశాడు. ముందున్న ఇత్తడి బిందె చూశాడు.

“ఏటి బాబూ, ఈయేళ మీ దేవుడికి దప్పికేసినాదేటి?”

వరసలో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. శంకరరావు చెవులు ఎర్రబడ్డాయి.

“ఇంట్లో కూటం ఉంది. కాసేపు ఆగు భయ్యా.”

“ఎండ పొద్దంతా మా ఆడది ఆగినాది. మీరు పాటలు పాడితే గొంతు ఆరిపోద్ది. మా గుంటలకి ఆరదేటి? ఆళ్ళు ఏడిస్తే రాగం ఉండదనా?”

ఈసారి గట్టిగానే నవ్వారు. శంకరరావు కడ్డీ పిడి అతని రొమ్ముకి ఆనించి వెనక్కి నెట్టాడు. “వరసలోకి పో. మర్యాదగా చెప్తున్నాను.”

“మర్యాదా? ఇదిగో నీ మర్యాద!” అంటూ నరసింగరావు కాలెత్తి ఇత్తడి బిందెను తన్నాడు. అది ఠంగుమని రాతిగట్టుకి కొట్టుకుంది. సూర్యావతి గభాలున వెనక్కి అడుగేసింది. కాలికింద పాకుడు. మోచెయ్యి రాయికి తగిలి, నడుందాకా బురదలో కూలబడింది. తలెత్తేసరికి కొడుకు రెండు చేతులతో కడ్డీ ఎత్తి ఉన్నాడు.

“శంకరం!” అని అరిచింది. ఆ అరుపూ ఆ దెబ్బా కలిసిపోయాయి.

చెవి పైన తగిలింది. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. నరసింగరావు పడలేదు. ఏదో మర్చిపోయినవాడిలా నిలబడి, తలమీద చెయ్యి పెట్టుకుని, చెయ్యి తీసి చూసుకున్నాడు. అప్పుడు ముక్కులోంచి నెత్తురు బుడగలు కట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని, కొళాయి గట్టు మీదకి ఒరిగిపోయాడు. శంకరరావు మళ్ళీ ఎత్తాడు. సత్యారావు అతని మీదకి దూకి, చేతిలోంచి కడ్డీ పీక్కుని వెనక్కి తూలాడు.

అరుపులు విని మిగతా కుర్రాళ్ళు సందు చివర నుంచి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకి కనిపించింది ఒకటే. కింద నెత్తుట్లో మనిషి, బురదలో సూర్యావతమ్మగారు, సత్యారావు చేతిలో ఇనపకడ్డీ.

“వీడే! కడ్డీ వీడి చేతిలో ఉంది!”

కర్రలు లేచాయి. సత్యారావు వేళ్ళు విరిగి కడ్డీ జారిపోయాక కూడా కొట్టారు. కింద పడ్డాక కొట్టారు. పళ్ళు ఊడి నోటి ముందు బురదలో తెల్లగా కనిపించేదాకా కొట్టారు. నూకాలమ్మ తమ్ముడి మీద పడుకుంటే ఆమె వీపు మీదా కొట్టారు. అంతసేపూ శంకరరావు చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. ఆపండని అనలేదు.

ఠాణేదారు వచ్చి అడిగినప్పుడు ఒకరి మాట ఒకరు అందుకున్నారు. నరసింగరావు పెద్దావిణ్ణి బురదలోకి తోశాడు. శంకరం అడ్డం వెళ్ళాడు. సత్యారావు కడ్డీ లాక్కుని శంకరం మీదకి విసరబోతే అది గురి తప్పి వాడి బావకే తగిలింది. నూకాలమ్మ గుండెలు బాదుకుంటూ కాదని అరిచింది గానీ, పెళ్ళాం మాట, అక్క మాట ఎవరు వింటారు? వరసలో ఆడవాళ్ళు అప్పటికే బిందెలు పట్టుకుని మాయమయ్యారు. సూర్యావతిని కుర్రాళ్ళు అప్పటికే ఇంటికి చేర్చారు. ఠాణేదారు శంకరరావు వైపు తిరిగి, “యహీ హువా థా?” అన్నాడు, జరిగింది ఇదేనా అని.

శంకరరావు నేల చూస్తూ, “హా,” అన్నాడు.

ఇంటి కూటం ఆగలేదు. సొట్టపడ్డ బిందెను కుర్రాళ్ళే నింపి తెచ్చిపెట్టారు. గురునాథరావు పాస్టరుగారు మోకరించి, దుష్టుల చేతినుంచి ఈ తల్లిని కాపాడినందుకు దేవునికి వందనాలు చెప్పారు. గదంతా ఆమేన్ అంది. మోచేతికి పసుపు కట్టు కట్టుకున్న సూర్యావతి నోరు తెరిచింది, ఆమేన్ రాలేదు. ఎవరో లోటాతో నీళ్ళు ముంచుకుని గటగటా తాగుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

మర్నాడు పవర్ హౌస్ బజారు నుంచి వస్తున్న చర్చి పాటల జట్టు కుర్రాణ్ణి నలుగురు కూలీలు సైకిలు మీంచి లాగి, ఆ సైకిలు గొలుసుతోనే ముఖం మీద కొట్టారు. ఒక కన్ను పోయింది. చర్చి రేకుల మీద రాళ్ళు వానలా పడ్డాయి. దానికి జవాబుగా చర్చి కుర్రాళ్ళు కూలీల వరసలో మూడు గుడిసెలకి నిప్పు పెట్టారు. ఒక ముసలామె కాళ్ళు కాలిపోయాయి. కిందటేడు ఆమెకి రోజూ నీళ్ళు మోసింది శంకరరావే. కొళాయి దగ్గర ఇప్పుడు పోలీసులు నిలబడ్డారు.

మూడోనాడు నరసింగరావు ఆస్పత్రిలో పోయాడు. లాకప్పులో ఉన్న సత్యారావు మీద ఖూనీ కేసు రాశారు.

ఆ మధ్యాహ్నమే పాస్టరుగారు వచ్చారు. మంచినీళ్ళు ముట్టలేదు.

“అమ్మా, ఠాణేదారు మిమ్మల్నీ అడుగుతాడు. మీరు పడిపోయారు కదా. పడినవాళ్ళకి ఏం కనపడుతుంది?”

“నాకు కనపడింది అయ్యగారూ.”

ఆయన తొందరగా చెయ్యెత్తారు. “నాకు చెప్పకండి. చెబితే నేనూ మొయ్యాలి. సంఘం ఇప్పుడే కాళ్ళమీద నిలబడుతోంది. ఆలోచించుకోండి.” కోపం తెచ్చుకుందామన్నా సూర్యావతికి రాలేదు. చెడ్డవాడు కాదాయన, భయపడ్డవాడు.

ఆయన సందు దాటకముందే నూకాలమ్మ వచ్చింది. జుట్టు విరబోసుకుని, చేతులకి పగిలిన గాజుల గీతలతో వచ్చి గుమ్మం పట్టుకుంది.

“అమ్మా! నా పెనిమిటి ఎలాగూ రాడు. నా తమ్ముణ్ణి సంపకండి. నువ్వు కళ్ళెట్టుకు సూసినావు. నీ కొడుకని నేనేటీ అన్ను. సూసినది సెప్పు. అంతే!” అంటూ తలను ద్వారబంధానికి కొట్టుకోసాగింది. ఒకటి, మళ్ళీ ఒకటి. నుదురు చిట్లింది. ఇంటి ముందు కాపలా ఉన్న కుర్రాళ్ళు జుట్టు పట్టుకుని ఆమెను మెట్ల మీంచి ఈడ్చారు. ఒకడు కడుపులో తన్నాడు. వాడి జబ్బకి ఇంకా తెల్లగుడ్డ ఉంది.

“ఛోడో ఉసే! వదలండి!” సత్యలక్ష్మి చీపురు తీసుకుని వాళ్ళ మీదకి ఉరికింది. వాడి ముఖం మీద చీపురుతో కొట్టింది. “సిగ్గులేదురా! దీదీ దీదీ అంటూ ఇంటికొచ్చి టీలు తాగుతారు, ఆడమనిషిని తంతారా?”

సూర్యావతి నూకాలమ్మ నుదుటి నెత్తురు తన చెంగుతో తుడిచింది. ఆమె ఆ చెయ్యి విదిలించుకుని లేచి వెళ్ళిపోయింది.

పెరట్లో శంకరరావు గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడు. తల్లి వచ్చి ఎదురుగా నిలబడితే తలెత్తకుండానే అన్నాడు.

“అమ్మా, నేను చంపాలని కొట్టలేదు. వాడు నిన్ను తోసేశాడు. నా కళ్ళముందు నువ్వు బురదలో పడితే ఏ కొడుకు ఊరుకుంటాడు?”

“తొయ్యలేదు.”

“ఏంటి?”

“అతను నన్ను ముట్టుకోలేదు శంకరం. బిందెను తన్నాడు. నేను బెదిరి వెనక్కి అడుగేసి పాకుడు మీద జారాను.”

శంకరరావు లేచి నిలబడ్డాడు. “కాదు. తోశాడు. అందరూ చూశారు.”

“అందరూ నీకు కావలసిందే చూశారు.”

“జూఠ్! అబద్ధం చెప్తున్నావ్. మరి ఇదేంటి?” దెబ్బ తగిలిన మోచేతినే పట్టుకుని నొక్కాడు. సూర్యావతి కళ్ళముందు చుక్కలు తిరిగాయి. చెయ్యి లాక్కోలేదు.

“అది రాయి దెబ్బ నాన్నా. మనిషిది కాదు.”

అతని పట్టు సడలింది. ఈ మూడు రోజులూ తోశాడన్న ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాడు వాడు. అది ఇప్పుడు కాళ్ళకింద నుంచి పోయింది. ముఖం పాలిపోయి, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటిలా పెదాలు ఆరిపోయాయి.

“ఇప్పుడు చెప్తే నన్ను ఉరి తీస్తారమ్మా.”

“సత్యారావునైతే తియ్యరా?”

“వాడు మనవాడా?”

సూర్యావతి కొట్టింది. పుట్టిన నాటి నుంచి ఆ పిల్లాడి మీద చెయ్యెత్తలేదు. ఎత్తాక ఆపుకోలేకపోయింది. చెంపమీద, భుజం మీద, వీపు మీద, చెయ్యి మండి మోచేతి కట్టు ఊడి నెత్తురు కారేదాకా కొట్టింది. శంకరరావు అడ్డుపెట్టుకోలేదు. చివరికి పార్వతమ్మ వచ్చి ఇద్దరి మధ్యా దూరి, “నన్నూ కొట్టీయే, నన్నూ కొట్టీ,” అని ఏడ్చింది.

ధర్మారావు డ్యూటీ దిగి వచ్చాడు. స్నానం చేసి పీట మీద కూర్చున్నాడు. అందరికీ ఒకేసారి వడ్డించడం ఆ ఇంటి అలవాటు. భోజనానికి ముందు ప్రార్థన చెయ్యడం శంకరరావు వంతు. అందరూ తలలు వంచి వాడి గొంతుకోసం ఎదురుచూశారు. వాడు నోరు విప్పలేదు. ధర్మారావే గొంతు సవరించుకుని, ప్రార్థన లేకుండానే అన్నం కలుపుకున్నాడు.

“రేపు పొద్దుటి బండికి శంకరాన్ని వాల్తేరు పంపేస్తున్నాను. గార్డుతో మాట్లాడాను. అక్కణ్ణించి మా పిన్ని కొడుకు చూసుకుంటాడు. ప్లాంటులో జబ్బని చెప్తాను.”

“మంచి పని సేసినావు నాయినా,” అంది పార్వతమ్మ.

సత్యలక్ష్మి తల్లివైపు చూసింది. సూర్యావతి పప్పుగిన్నె కింద పెట్టింది.

“పంపకండి.”

“నువ్వు మాట్లాడకు.”

“వాడు బండెక్కితే ఆ కుర్రాడు ఉరికంబం ఎక్కుతాడు.”

ధర్మారావు కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు. అన్నం ముందు గదిదాకా చెల్లాచెదురైంది. కంచం గిరగిరా తిరిగి తలుపు దగ్గర ఆగింది. “కన్నతల్లివా నువ్వు? కొడుకు మెడకి నీ చేత్తో ఉరి బిగిస్తావా?”

“బాబ్బాబు, ఆపండర్రా,” పార్వతమ్మ కోడలి గడ్డం పట్టుకుంది. “ఒలే సూరీ, నీ కాళ్ళు మొక్కుతాను. నీ దేవుడైనా, నా తల్లైనా, కడుపున పుట్టినోణ్ణి ఒప్పజెప్పమని సెప్పరే.”

సూర్యావతి అత్తగారి చెయ్యి మెల్లగా విడిపించుకుంది. ఆమె గొంతు గట్టిగా లేదు, కానీ ఎక్కడా ఆగలేదు.

“వాడి కోసం నేనూ జైలు గుమ్మం ముందు కూర్చుంటాను అత్తయ్యా. ఎన్నేళ్ళైనా కూర్చుంటాను. కానీ చెయ్యని పనికి ఇంకో తల్లి కొడుకుని పంపి, ఆదివారం వెళ్ళి ప్రభువు బల్ల దగ్గర రొట్టెకి చెయ్యి చాపలేను. వీణ్ణి పక్కన నిలబెట్టుకుని అసలే చాపలేను.” భర్త వైపు తిరిగింది. “రేపు పొద్దున్న ఠాణాకి వెళ్తున్నాను. వరసలో నా బిందె ముందు పెట్టిన దగ్గర్నుంచి, నేను జారిపడ్డది, వీడు కొట్టింది, ఆ కుర్రాడు కడ్డీ లాక్కున్నది, అంతా చెప్తాను. శంకరం నాతో వస్తే వాడి తప్పు వాడి నోటితోనే చెప్పుకుంటాడు. రాకపోతే నేను చెప్తాను.”